లోకల్‌లో లేచిన పెట్‌క్లినిక్

తిరుపతి, చిత్తూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో జావా నేర్చే పిల్లలకు అసలు పరీక్ష సొంత ల్యాప్‌టాప్ మీదే. స్ప్రింగ్ పెట్‌క్లినిక్ మైక్రోసర్వీసెస్ అనే నమూనా ప్రాజెక్టును లేపి నిలబెట్టగలిగితే సగం పని వచ్చినట్టే.

పెంపుడు జంతువుల ఆసుపత్రి కోసం రాసిన అప్లికేషన్ అది. యజమానులకొక సర్వీసు, డాక్టర్లకొకటి, విజిట్లకు మరొకటి. ముందు 8888 పోర్టులో కాన్ఫిగ్ సర్వర్ లేవాలి. మిగతావాటికి సెట్టింగులు అక్కడి నుంచే అందుతాయి. తర్వాత 8761లో యురేకా. ఎవరెక్కడున్నారో చెప్పే హాజరుపట్టీ ఇదే: ప్రతి సర్వీసూ మామూలుగా 30 సెకన్లకోసారి తానున్నానని పలకాలి. ఆ పేజీలో పేర్లు ఒక్కొక్కటే ‘అప్’ అని కనబడుతుంటే కలిగే ఆనందం చిన్నది కాదు. ఇక బయటి నుంచి వచ్చే అభ్యర్థనలను ఆయా సర్వీసులకు చేర్చే గేట్‌వే 8080లో.

పనితనం బయటపడేది ఏదైనా మొండికేసినప్పుడే. 8080ని పాత ప్రాసెస్ పట్టుకుని ఉందని గుర్తించడం, బారెడు ఎర్రర్‌లో చివరి ‘కాజ్డ్ బై’ వరుసను పట్టుకోవడం ఓపికతో అబ్బే విద్య. నిజంగా మెచ్చుకోవాల్సిన విద్య.

డాకర్ కంపోజ్ ఒక్క కమాండుతో అన్నిటినీ లేపుతుంది. అయినా మొదటిసారి ఒక్కొక్కటే చేత్తో లేపండి. ఆపైన విజిట్ల సర్వీసును ఆపి, ఒక యజమాని పేజీ తెరవండి. వివరాలు వస్తాయి, విజిట్లు మాత్రం ఖాళీ. గేట్‌వేలోని సర్క్యూట్ బ్రేకర్ చేసే పని అది; దాని కోడ్ తప్పక చదవండి.