ఇసుక చెరిగే పీతలు

పీత మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. మొప్పలు ఆరిపోతే దాని ప్రాణం పోతుంది. అయినా కొన్ని రకాల పీతలు నీళ్లు వదిలి ఒడ్డుకొచ్చి, ఎండకు మాడే ఇసుకలో కాపురం పెట్టాయి. చెమ్మ ఎక్కడ దొరుకుతుంది, ఎలా దాచుకోవాలి, తిండికి ఎంత ఖర్చుపెట్టాలి అన్న లెక్క చుట్టూనే వాటి పనితనమంతా తిరుగుతుంది.

బొటనవేలి గోరంత ఉండే పీతలు కొన్ని ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని డోటిల్లా, స్కోపిమెరా అనే ప్రజాతుల్లో చేరుస్తారు. పాటుకు సముద్రం వెనక్కి తగ్గగానే ఇవి కన్నాల్లోంచి బయటికొస్తాయి. కాసేపటికి ఆ తీరమంతా సన్నటి ఇసుక గుళికలతో నిండిపోతుంది. ఆడుకునే పిల్లలు వాటిని పీత గుడ్లనుకుంటారు. నిజానికి ప్రతి గుళికా భోంచేసి పక్కన పెట్టిన ఇసుక.

ఆ భోజనం తీరు దగ్గరగా చూడాలి. పీత చిన్న డెక్కలతో పైపొర ఇసుకను గీరి నోట్లో పెట్టుకుంటుంది. మొప్పల గదిలో దాచుకున్న నీరు నోటికి వస్తుంది. ఇసుక రేణువులకు అంటుకున్న సూక్ష్మమైన నాచు, కుళ్లిన పదార్థపు తునకలు తేలికవి, నీటిలో పైకి తేలతాయి. ఇసుక బరువుకు కిందికి దిగుతుంది. చేటలో బియ్యం చెరిగి ఊక తీసినట్టే, కాకపోతే ఇక్కడ గాలి చేసే పని నీరు చేస్తుంది. రేణువులను తోమడానికి నోటి దగ్గరి అవయవాల మీద వెంట్రుకలుంటాయి. ఇసుక నేలల్లో బతికే రకాలకు వాటి కొనలు చెంచాల్లా పల్లంగా ఉంటే, బురదలో బతికేవాటికి ఈకల్లా చీలి ఉంటాయి. ఏ నేలకు ఆ పనిముట్టు. తిండి లోపలికి పోయాక మిగిలిన ఇసుక నోటి దగ్గర ఉండ కడుతుంది. పీత దాన్ని తీసి వెనక్కి నెట్టి, మరో పిడికెడు అందుకుంటుంది.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది ఆ గుళికలు పడే చోటు. పీత కన్నం గుమ్మం నుంచి ఒక చాలు పట్టి తింటూ పోతుంది. గుళికలన్నీ చాలు పక్కనే పడతాయి, దారికి మాత్రం అడ్డం రావు. కొంగ నీడ కదిలితే చాలు, ఆ ఖాళీ దారిలో ఒక్క పరుగున ఇంట్లో దూరుతుంది. ఒక చాలు అయ్యాక గుమ్మం దగ్గర్నుంచే మరో దిక్కుకు చాలు పడుతుంది. మనం పైనుంచి చూసి ముగ్గు అనుకునేది దానికి పారిపోయే దారుల పటం.

వీటి కాళ్ల మీద పలుచటి పొరలు కిటికీల్లా కనిపిస్తాయి. గాలిలోని ఆక్సిజన్ వాటి గుండా లోపలికి వెళ్తుందని 1986లో తేలింది. అంటే ఈ పీతలు కాళ్లతోనూ ఊపిరి తీస్తాయి. నేల మరీ జారుగా ఉండి కన్నం నిలవని చోట, డోటిల్లా రకం ఒకటి ఇంకో పని చేస్తుంది. తన చుట్టూ ఇసుక ముద్దలతో గోడ కట్టి, గుండ్రంగా తిరుగుతూ పైన కప్పు మూసేస్తుంది. తర్వాత కాళ్ల కింది ఇసుక తీసి కప్పుకు అతికిస్తూ, గాలి గదితో సహా కిందికి దిగిపోతుంది. పైన పోటు నీరు కప్పేసినా గది చెదరదు.

ఒడ్డుకు ఇంకాస్త పైన ఉండే ఎర్రపీతలు, వాటి బంధువులైన మిగతా ఒసిపోడ్ పీతలు చెమ్మ కోసం లోతుకు తవ్వుతాయి. నీటి అంచుకు దూరం పెరిగేకొద్దీ తడి ఇసుక కిందికి పోతుంది, కన్నమూ లోతు పెరుగుతుంది. కొన్ని మీటరు దాటతాయి. కాళ్ల మొదళ్ల మధ్య ఉండే వెంట్రుకల కుచ్చును తడి ఇసుకకు ఆనిస్తే, నీరు దానంతటదే మొప్పల గదిలోకి ఎక్కుతుంది. నడిమధ్యాహ్నం గుమ్మానికి ఇసుక అడ్డం పెట్టుకుని లోపలే ఉంటాయి. ఎర్ర సముద్రం ఒడ్డున ఇదే కుటుంబానికి చెందిన మగపీత మెలికలు తిరిగే కన్నం తవ్వి, తీసిన ఇసుకతో ఎదురుగా పిరమిడ్ కట్టి, రెంటికీ మధ్య బాట వేస్తుంది. ఆ గుట్ట ఆడపీతలను రప్పిస్తుంది, మిగతా మగవాటిని దూరంగా ఉంచుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు లిన్సెన్‌మైర్ 1967లో దీన్ని వివరంగా రాశాడు.

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల బురదలో పని వేరు. అక్కడి ఒక రకం చిన్న పీతల్లో మగదానికి ఒక డెక్క ఒళ్లంత పెద్దది. అది పోట్లాటకూ, ఆడపీతను పిలవడానికీ తప్ప తిండికి పనికిరాదు. మగది ఒంటి చేత్తో తింటుంటే ఆడది రెండు చేతులా తింటుంది. వాటి కన్నాల గుండా కూడా ఊపిరాడని బురదలో మడ చెట్ల వేళ్ల దాకా గాలి చేరుతుంది. అక్కడే పెరిగే మండపీత పెంకు మార్చేటప్పుడు వెనక భాగం తెరుచుకుని వెనక్కి జారి బయటపడుతుంది. కళ్ల మీది పొర, మొప్పల పైపొర, పొట్టలోని పళ్లతో సహా పాతవన్నీ ఆ పెంకుతోనే పోతాయి.

బండ్లు తిరిగే తీరంలో ఒసిపోడ్ పీతల కన్నాలు తగ్గిపోతాయి. అందుకే ఇసుక తీరం ఎంత దెబ్బతిన్నదో తేల్చడానికి చాలా దేశాల్లో పరిశోధకులు ఈ కన్నాలను లెక్కిస్తారు. మన దగ్గర ఒడ్డున రోడ్డు వేసే ముందు, దుకాణాలు కట్టే ముందు ఆ లెక్క తీయించాలి. పాటు వేళ నలుగురు మనుషులు, ఒక కొలత తాడు ఉంటే ఆ పని అవుతుంది.