వేడి ఆరకముందే స్పార్క్ చూడాలి

పాత కారు స్టార్ట్ కాకపోతే ముందుగా గమనించాల్సింది సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతోందా లేదా అన్నది. ‘టక్’మని ఆగిపోతే ప్లగ్గులు విప్పడం వృథా శ్రమ. ఢిల్లీ జనవరి చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. అలాగని వెంటనే బ్యాటరీ కొనకూడదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కంటే దిగకపోతే అది బాగున్నట్టే. ఇక టెర్మినళ్లకు పట్టిన చిలుము, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్తింగ్ పట్టీ, సోలెనాయిడ్ చూసుకోవాలి.

ఇంజన్ బాగానే తిరుగుతూ అందుకోకపోతే అప్పుడు స్పార్క్ సంగతి. పొగమంచు రోజుల్లో డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. మూతలో సన్నని నల్లగీత కనిపిస్తే మాత్రం మార్చాల్సిందే. 1489 సీసీ అంబాసిడర్ ఇంజన్‌లో పాయింట్ల గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు. కొత్త పాయింట్లు కొద్దిరోజులకే కాలిపోతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి.

అసలు చిక్కు మే, జూన్ నెలల్లో వస్తుంది. 45 డిగ్రీల ఎండలో రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి నడిచిన కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. పెట్రోల్ ఆవిరై పంపు లాగలేకపోవచ్చు. కాయిల్ వేడెక్కి లోపల తీగచుట్ట తెగిపోనూ వచ్చు. చల్లబడితే రెండూ సర్దుకుంటాయి, కారు ఏమీ జరగనట్టే కదులుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగడం వాడుకలో ఉన్న ఉపాయమే కానీ, ఆ కాసేపట్లో కాయిల్ కూడా చల్లారి ఆధారం పోతుంది. అందుకే ఆగిన వెంటనే స్పార్క్ చూడాలి. పెట్రోల్ వాసన లేదని నిర్ధారించుకుని, ప్లగ్ వైరుకు మంచి ప్లగ్ ఒకటి తగిలించి, ఇన్సులేటెడ్ ప్లయర్‌తో ఇంజన్ లోహానికి ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. నీలిరంగు స్పార్క్ గట్టిగా వస్తే చూడాల్సింది పెట్రోల్ వైపు. రాకపోతే కాయిల్, కండెన్సర్. ఈ పరీక్ష అసలు భాగాలతో ఉన్న పాత కార్లకు మరీ అవసరం. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న కార్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. అటువంటి కారులో పనిచేస్తున్న పాత కాయిల్‌ను అనుమానంతో పీకి పారేయడం తీరని నష్టం.

పెట్రోల్ వైపు ఇప్పుడు ఇంకో కారణం తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ మెత్తబడతాయి, పగులుతాయి. పైపు పగుళ్లలోంచి గాలి లాగినా లక్షణం ఆవిరి పట్టినట్టే ఉంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించి, ఫిల్టరు మార్చి, ఆ తర్వాతే కార్బొరేటర్ విప్పాలి.