ముందు ఎవరు పోవాలి?

లినక్స్ సర్వర్లు చూసుకోవడానికి కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే. మెమరీ చాలని రోజున ఏ ప్రోగ్రామ్ ఆగిపోవాలో, తీరిక ఉన్నప్పుడే తేల్చి పెట్టుకోండి. మనం తేల్చకపోతే కెర్నల్ తేలుస్తుంది.

కెర్నల్ తన దగ్గరున్నదానికి మించి మాట ఇస్తుంది. ప్రోగ్రామ్ ఒక జీబీ అడిగితే సరేనంటుంది. ఆ పేజీలను అది నిజంగా ముట్టుకున్నప్పుడే అసలు ర్యామ్ ఇస్తుంది. థ్రెడ్ల సంగతీ అంతే. మామూలుగా ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు 8 ఎంబీ చోటు పెడతారు. వెయ్యి థ్రెడ్లంటే దాదాపు 8 జీబీ. అయినా 4 జీబీ మెషిన్ మీద అవి నడుస్తాయి, ఒక్కోటి ముట్టుకునేది సాధారణంగా కాస్తే కాబట్టి. ఈ ఉదారత లేకపోతే ఫోర్క్ చేసి స్నాప్‌షాట్ రాసుకునే రెడిస్ లాంటి డేటాబేస్‌లు చాలా ఇబ్బంది పడతాయి. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది.

చిక్కల్లా అందరూ ఒకేసారి వచ్చి ఆ మాట నిలబెట్టుకోమని అడిగినప్పుడే. అప్పుడు, మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం, ఓఓఎం కిల్లర్, దిగుతుంది. అది ముఖ్యంగా చూసేది ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకున్నారని. లీకయ్యేది ఓ చిన్న స్క్రిప్ట్ కావచ్చు, పోయేది మాత్రం పక్కనే బుద్ధిగా పనిచేసుకుంటున్న డేటాబేస్. థ్రెడ్లన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి గనక వాటిలో ఒక్కదాన్ని తీసేస్తే లాభం లేదు, ప్రాసెస్ మొత్తం పోవాల్సిందే.

ప్రతి ప్రాసెస్‌కూ ఓఓఎం స్కోర్‌ను సవరించే అంకె ఒకటుంది, -1000 నుంచి 1000 దాకా. -1000 పెడితే కిల్లర్ దాని జోలికి రాదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆ రక్షణను తనకు తానే పెట్టుకుంటుంది. అంతా మునిగినా మనం లోపలికి వెళ్లే తలుపు మిగలాలిగా. కానీ కనిపించినదానికల్లా -1000 పెట్టేవాళ్లున్నారు, అది నేను ఒప్పుకోను. అందరినీ కాపాడితే కిల్లర్‌కు ఎంచుకోవడానికి ఎవరూ మిగలరు.

నేను ఎక్కువగా నమ్ముకునేది ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి హద్దులు పెట్టే సీగ్రూప్‌లను. 2006లో గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ మొదలుపెట్టిన ఈ పని 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌లో చేరింది. యూలిమిట్‌తో పెట్టే మెమరీ హద్దు ఒక్కో ప్రాసెస్‌కు విడివిడిగా ఉంటుంది. అది పది పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తే పది హద్దులు. సీగ్రూప్ కుటుంబం మొత్తానికీ ఒకే లెక్క రాస్తుంది. సీగ్రూప్ రెండో వెర్షన్‌లో మెమరీ మ్యాక్స్ అనే హద్దు దాటబోతే, తగ్గించే దారి లేనప్పుడు, ఆ గుంపులోనే ఒకరు పోతారు. మెమరీ హై అనే హద్దు దాటితే చంపదు, నెమ్మదింపజేసి పాత పేజీలను వదిలించుకోమంటుంది. వెళ్లి చూడటానికి మనకు వ్యవధి దొరుకుతుంది. ముందు దాన్నే పెట్టమంటాను.

ఏ ప్రోగ్రామ్‌కు ఎంత హద్దు పెట్టాలన్నది కెర్నల్ చెప్పదు. ఓ ఆసుపత్రిలో రాత్రిపూట నివేదికలు తయారుచేసే ప్రోగ్రామ్ ఎంత పెద్దదైనా, ఆగితే తెల్లారి మళ్లీ నడుపుకోవచ్చు. ఓపీ టోకెన్లిచ్చే చిన్నది ఆగితే వరండాలో రోగులు నిలబడిపోతారు. ఈ తేడా మెమరీ లెక్కల్లో కనిపించదు. అందుకే కాన్ఫిగరేషన్ ఫైల్ తెరవకముందే కౌంటర్‌లో కూర్చునేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఏది ఆగితే ఎంతసేపు నెట్టుకురాగలరో అడుగుతాను. అంకెలు ఆ తర్వాతే రాస్తాను.