సగటుల పట్టిక దాచేసిన సంగతి

కంప్యూటరుకు అంకెలన్నీ ఇచ్చి ఒక్క ఆదేశం టైపు చేస్తే చాలు, సారాంశ పట్టిక తయారు! దాన్ని ప్రాజెక్టు రిపోర్టులో అతికించేముందు ఈ ఉదాహరణ చూడండి.

'ఆర్' అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నేర్చుకునేవారి కోసం అందులో కొన్ని దత్తాంశాలు ముందే పెట్టి ఉంచారు. వాటిలో 'స్లీప్' ఒకటి. గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి గాసెట్ 'స్టూడెంట్' అనే మారుపేరుతో 1908లో ప్రచురించిన వ్యాసంలోని అంకెలవి. పదిమంది రోగులకు రెండు నిద్రమందులిచ్చి, ఏ మందుతో ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో కొలిచారు.

సారాంశ పట్టిక ఇలా వస్తుంది: మొదటి మందుకు సగటు 0.75 గంటలు, క్రమ విచలనం 1.79. రెండోదానికి సగటు 2.33, క్రమ విచలనం 2.00. మామూలు టి-పరీక్ష చేస్తే సంభావ్యత సుమారు 0.08. అంటే మందుల మధ్య నిజంగా తేడా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించడానికి నూటికి ఎనిమిది వంతుల అవకాశం ఉందన్నమాట. వాడుకలో ఉన్న హద్దు 0.05 కనుక, "తేడా రుజువు కాలేదు" అని మీరు రాసేస్తారు.

కానీ ఇక్కడున్నది ఇరవైమంది కాదు. పదిమందే, రెండుసార్లు! ఏ మందు వేసినా బాగా నిద్రపోయేవారు కొందరు, దేనికీ లొంగనివారు కొందరు. మనిషికీ మనిషికీ ఉన్న ఈ వ్యత్యాసమే మందుల తేడాను కప్పేసింది. ఎవరి అంకెను వారి అంకెలోంచే తీసివేయండి. తొమ్మిదిమందికి రెండో మందుతోనే నిద్ర ఎక్కువ, ఒకరికి సమానం. తేడాల సగటు 1.58, క్రమ విచలనం 1.23. సంభావ్యత ఒక్కసారిగా 0.003కు దిగిపోతుంది. అవే అంకెలు, తీర్పు తలకిందులు!

తప్పు విద్యార్థిదేనా? ఆ దత్తాంశంలో మందును తెలిపే వరుసకు 'గ్రూప్' అని పేరు పెట్టారు. రెండు వేర్వేరు గుంపులనుకోక ఏమనుకుంటాం? ఈ పేరు తప్పుదారి పట్టించవచ్చని సహాయ పుటలోనే ఒప్పుకున్నారు. గుంట ఉందని బోర్డు పెట్టేకంటే గుంట పూడ్చడం మేలు కదా! రోగి సంఖ్య పక్కనే మరో వరుసలో ఉంది. అయినా జతపరచమని మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని కన్నెత్తి చూడదు, మనల్ని అడగదు. ఒకే మొక్క ఎత్తును వారం వారం కొలిచే మీ ప్రయోగానికీ ఇదే చిక్కు.

పది తేడాలనూ కాగితం మీద రాసి చూడండి. తొమ్మిదో రోగి తేడా 4.6 గంటలు, మిగతావారిలో ఎవరిదీ 2.4 దాటలేదు. ఇది పట్టికలోనూ లేదు, పరీక్ష ఫలితంలోనూ లేదు.