తెరిచి చూస్తేనే బ్యాకప్

హార్డ్‌డిస్క్‌లో పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్ పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది. అది ఒక్కసారి గీసుకుందంటే అక్కడి డేటా ఎంత ఖర్చుపెట్టినా రాదు. పోయే ముందు కొన్ని డిస్కులు టక్ టక్‌మని చప్పుడు చేస్తాయి. చాలావాటికి ఆ చప్పుడు కూడా ఉండదు.

అందుకే ఆదివారం పొద్దున్నే నేను ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలించి కూర్చుంటాను. పిల్లల ఫొటోలు, పొలం పాస్‌పుస్తకం స్కాన్లు, అమ్మమ్మ మాట్లాడిన వీడియోలు అన్నీ అందులోకి వెళ్తాయి. పని కాగానే వైరు పీకేసి బీరువాలో పెడతాను. ఇది చాదస్తం కాదు. 2017 మేలో వాన్నక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలోకీ జొరబడింది. అలాంటివి ఫైళ్లకు తాళం వేసేటప్పుడు, తగిలించి ఉన్న డ్రైవ్‌నీ వదలవు. గూగుల్ డ్రైవ్ ఉందిగా అంటారు కొందరు. సింక్ పెట్టుకున్న ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. ట్రాష్‌లో ఉండేది కొన్నాళ్లే.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటి బయట అన్నది అనుభవజ్ఞుల లెక్క. నా రెండో డ్రైవ్ చెల్లెలి ఇంట్లో ఉంటుంది.

అయితే ఈ పనిలో అసలు మెలకువ కాపీ చేయడంలో లేదు, తిరిగి తీయడంలో ఉంది. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందన్న ధీమాతో తెరిస్తే అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ ఇంటి కంప్యూటర్‌లో ఉన్న కాపీయే సినిమాని నిలబెట్టింది. అంత పెద్ద స్టూడియోకే అలా జరిగింది. కాపీ అయిందని తెరమీద కనిపించే మాటను నేను నమ్మను. ఏదో ఒక ఫొటో, ఒక పాత ఉత్తరం వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తాను. తెరుచుకోకపోతే ఆ రోజే మళ్లీ మొదలు. విండోస్ మొత్తాన్నీ ఇమేజ్‌గా తీసుకునేవారు బూట్ పెన్‌డ్రైవ్ కూడా ముందే చేసి ఉంచుకోవాలి. కొత్త డిస్క్ వేశాక వెతుక్కుంటే కుదరదు. డ్రైవ్‌కి పాస్‌వర్డ్ పెడితే దాన్ని కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

మీ దగ్గర ఇప్పటికే బ్యాకప్ ఉంటే, దయచేసి ఈ ఆదివారం అందులోంచి ఒక్క ఫైలు బయటకు తీసి తెరిచి చూడండి.