సాక్షి లేని దీక్ష

1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’తో బయటపెట్టిన విక్కాలో చేరాలంటే ఒక బృందం ఉండాలి, వాళ్ళు దీక్ష ఇవ్వాలి. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ‘విక్కా: ఎ గైడ్ ఫర్ ది సాలిటరీ ప్రాక్టీషనర్’లో ఆ గేటు తీసేశాడు. ఉప్పు కలిపిన నీళ్ళతో స్నానం చెయ్యి, ఒంటికి నూనె రాసుకో, దేవికీ దేవుడికీ నిన్ను నువ్వే అంకితం చేసుకో అంటాడు. రివ్యూ లేకుండా తన కోడ్ తనే మెర్జ్ చేసుకున్నట్టు!

మా పర్చూరు వైపు పెరిగినవాళ్ళకి ఇది వింతే. పత్తి తీతల రోజుల్లో అయ్యప్ప మాల గురుస్వామి వేస్తాడు. మర్నాటి నుంచి టీకొట్టతను కూడా ‘స్వామీ’ అనే పిలుస్తాడు. 41 రోజుల నియమాన్ని కాపాడేది సగం భక్తి, సగం ఆ పిలుపు. కన్నింగ్‌హామ్ దీక్షకి ఆ కాపలా లేదు. రేపు మానేసినా అడిగేవాళ్ళుండరు. ఈ పుస్తకంలో నాకు నమ్మకం కుదరని చోటు ఇదే.

అయినా తీసిపారెయ్యలేను. ఆ పిలుపు అందరికీ దొరకదు. 10 నుంచి 50 ఏళ్ళ ఆడవాళ్ళ శబరిమల ప్రవేశంపై 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినా గొడవ ఆగలేదు. ఏకలవ్యుడు కనీసం మట్టిబొమ్మనైనా గురువుగా పెట్టుకున్నాడు. కన్నింగ్‌హామ్ అదీ అక్కర్లేదంటాడు. మాల వేసే చెయ్యి దొరకనివాళ్ళకి ఈ పుస్తకం ఇచ్చే ధైర్యం చిన్నది కాదు.