తూటా లావు, గురి, నమ్మకం

9 ఎం.ఎం. మేలా, .45 మేలా? అమెరికాలో పిస్టల్ పట్టేవాళ్ల మధ్య దశాబ్దాలుగా తెగని తగువు ఇది. నన్నడిగితే, దీనికి జవాబు పోటీల లెక్కల్లోనే ఉంది.

1950లలో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ దగ్గర జెఫ్ కూపర్ అనే మాజీ మెరైన్ అధికారి పోటీలు నడిపేవాడు. చాలామంది సినిమా కౌబాయ్‌లలాగా ఒరలోంచి లాగి నడుము దగ్గర నుంచే పేల్చేవాళ్లు. జాక్ వీవర్ అనే డిప్యూటీ షెరిఫ్ మాత్రం రెండు చేతులా పట్టుకుని, కంటి ఎత్తుకు తెచ్చి, గురి చూసి కాల్చి గెలిచాడు. కూపర్ ఆ పట్టును బడిపాఠంగా మార్చాడు. ఇలాంటి పోటీలు నడిపేందుకు 1976లో పుట్టిన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐ.పి.ఎస్.సి.)కి తొలి అధ్యక్షుడూ ఆయనే.

ఐ.పి.ఎస్.సి. పోటీల్లో తూటా బలానికి లెక్క ఉంది. గ్రెయిన్లలో బరువును సెకనుకు ఎన్ని అడుగుల వేగమో దానితో హెచ్చించి, వెయ్యితో భాగిస్తారు. 124 గ్రెయిన్ల 9 ఎం.ఎం. తూటా 1,060 అడుగుల వేగంతో వెళ్తే 131. 230 గ్రెయిన్ల .45 తూటా 830 అడుగులతో దాదాపు 191. కనీసం 125 ఉండాలి; స్టాండర్డ్ విభాగంలో 170 లేదా అంతకు మించి ఉంటే 'మేజర్', తగ్గితే 'మైనర్'. లక్ష్యం నడిమి భాగంలో తగిలితే రెండింటికీ 5 పాయింట్లే. పక్క భాగంలో తగిలితే మేజర్‌కు 4, మైనర్‌కు 3. అంటే లావు తూటాకు దక్కే అదనం గురి కాస్త చెదిరినప్పుడే! వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు కనుక, తన్ను ఎక్కువున్న పిస్టల్ మళ్లీ గురికి వచ్చేలోపు ఆ లాభం కాస్తా కరిగిపోవచ్చు.

ఆత్మరక్షణ వైపు ఇదే పాఠం ఖరీదుగా వచ్చింది. 1986 ఏప్రిల్ 11న మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు చనిపోయారు. ఏజెంటు కాల్చగా దుండగుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి వెళ్లిన 9 ఎం.ఎం. తూటా గుండెకు చేరకముందే ఆగిపోయింది. ఎఫ్.బి.ఐ. 10 ఎం.ఎం.కు, తర్వాత .40కి మారింది. తూటాల తయారీ మెరుగుపడ్డాక 2010ల నడుమ మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చింది. జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు దిగాలన్నది వాళ్ల కొలత.

క్యాలిబర్ (తూటా లావు) కన్నా ముందు చూడాల్సింది పిస్టల్ ఆగకుండా పేలుతుందా అన్నది. మొరాయించేది తరచూ పిస్టల్ కాదు, మ్యాగజైన్. అంచు వంగినా, స్ప్రింగ్ నీరసించినా తూటా సరిగా ఎక్కదు. అందుకే పోటీదారులు ప్రతి మ్యాగజైన్ మీదా అంకె రాసుకుంటారు. మొరాయించినదేదో వెంటనే దొరుకుతుంది. గుండ్రటి మొన తూటాకోసం రూపొందిన పాతతరం 1911 పిస్టళ్లలో బోలు మొన తూటాలు ఇరుక్కునేవి. కాబట్టి జేబులో పెట్టుకోబోయే తూటానే ఆ పిస్టల్‌లో వందల సంఖ్యలో కాల్చి చూడాలి. చూపుడువేలు ట్రిగ్గర్‌కు సుఖంగా అందకపోతే ఎంత పేరున్న పిస్టలైనా దండగే.

మన దేశంలో పౌరులకు 9 ఎం.ఎం. నిషిద్ధం. లైసెన్సు దొరికినా చేతికొచ్చేది సాధారణంగా .32. దాని పిస్టల్ తూటా బలం పై లెక్కలో 65కు అటూ ఇటూ. అయితే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో బలానికి పాయింట్లుండవు. 7.62 నుంచి 9.65 ఎం.ఎం. వరకు ఏ గుండైనా చెల్లుతుంది. అందుకే అక్కడ తన్ను తక్కువున్న .32 రకానికే గిరాకీ. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసి స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే.